రెక్సిన్ కన్నా ముందు నీళ్ల సంగతి చూడండి

పాత కారు డోర్ ప్యాడ్లు ఇంట్లోనే బాగుచేసుకునే పద్ధతి

ఇంజన్ బాగానే ఉంది. పెయింటూ పర్వాలేదు. ఇంటికొచ్చిన బంధువులు "అబ్బ, ఈ అంబాసిడర్‌ని ఇంకా ఉంచారా!" అని ముచ్చటపడతారు కూడా. కానీ వాళ్లు తలుపు తీసి లోపల కూర్చోబోయేసరికి మీ మనసు చివుక్కుమంటుంది. రెక్సిన్ వెలిసిపోయి మూలల్లో చిరిగింది. కింది అంచున అట్ట అప్పడంలా ఉబ్బి పైకి లేచింది. గ్లాస్ హ్యాండిల్ తిప్పితే ప్యాడ్ మొత్తం దాంతోపాటు కదులుతోంది.

మరి ఇన్నాళ్లూ దాన్ని ఎందుకు వదిలేశారు? "అది నాకు చేతనయ్యే పని కాదు" అనుకున్నారు. లేదా ఒకసారి కుషన్ వర్క్స్‌కి తీసుకెళ్తే, అక్కడి మేస్త్రి ఒక్క చూపు చూసి, "మొత్తం పీకేసి కొత్త డిజైన్ వేసేద్దాం సార్" అన్నాడు. మీకది నచ్చలేదు. నాన్నగారు కూర్చున్న కారులో ఇప్పటి కార్ల డిజైన్లు ఎలా పెడతాం అనిపించి వెనక్కి వచ్చేశారు. మంచి పని చేశారు. డోర్ ప్యాడ్ బాగుచేయడం ఇంట్లో, మామూలు పనిముట్లతో, రెండు శని ఆదివారాల్లో అయ్యే పని. వెల్డింగ్ లేదు, గ్రీజు లేదు, కారు కిందికి దూరే అవసరమే లేదు. కావలసింది ఓపిక, పద్ధతి.

అయితే మొదలుపెట్టేముందు ఒక సంగతి గట్టిగా పట్టుకోండి. ప్యాడ్ చెడిందంటే దాని వెనక నీళ్లున్నాయి. రెక్సిన్ ఎండకు పోతుంది, నిజమే. కానీ అట్టను చంపేది తడి. ఆ తడి ఎక్కణ్నుంచి వస్తోందో చూడకుండా ఎంత ఖరీదైన రెక్సిన్ వేసినా రెండు వానాకాలాలు గడిచేసరికి మళ్లీ మొదటికొస్తారు. కుషన్ వర్క్స్‌లో కొత్త ప్యాడ్లు వేయించుకున్నవాళ్లలో చాలామంది పడే బాధ ఇదే. పని చెడ్డది కాదు, తలుపు లోపల ఏం జరుగుతోందో ఎవరూ తొంగిచూడలేదు అంతే.

ప్యాడ్ లోపల ఏముంటుంది?

పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, స్టాండర్డ్ హెరాల్డ్ లాంటి బళ్లలో డోర్ ప్యాడ్ కట్టుబడి ఇంచుమించు ఒకటే. వెనక సుమారు 3 మిల్లీమీటర్ల హార్డ్‌బోర్డు అట్ట, దాని మీద పల్చటి ఫోమ్ గానీ దూది పొర గానీ, ఆ పైన రెక్సిన్. రెక్సిన్ అంచులు వెనక్కి మడిచి జిగురుతో అతికిస్తారు. అట్టకున్న కన్నాల్లో స్ప్రింగు క్లిప్పులు ఉంటాయి, అవి తలుపు రేకులోని కన్నాల్లో దిగుతాయి. కొన్నిచోట్ల కప్పు వాషర్లతో స్క్రూలు కూడా ఉంటాయి.

ఇప్పుడు వానలో ఏమవుతుందో ఊహించండి. నీళ్లు అద్దం మీద జారి, కిటికీ అడుగున రబ్బరు పట్టీ సందులోంచి తలుపు లోపలికి దిగుతాయి. కొత్త కారులోనూ దిగుతాయి, అది తప్పు కాదు. తలుపు కింది అంచున ఆ నీళ్లు బయటికి పోవడానికి కన్నాలున్నాయి. తలుపు రేకుకూ ప్యాడ్‌కూ మధ్య పాలిథీన్ కవరు గానీ తారు కాగితం గానీ ఉంటుంది. ఏళ్లు గడిచేసరికి కన్నాలు మట్టితో మూసుకుపోతాయి. ఎప్పుడో గ్లాస్ మెషిన్ బాగుచేసిన మెకానిక్ ఆ కవరు చింపేసి మళ్లీ వేయలేదు. ఇక నీళ్లకు దొరికేది ఏ పూతా లేని హార్డ్‌బోర్డు అంచే. తడి పీల్చుకుంటుంది, ఉబ్బుతుంది, పొరలుగా విడిపోతుంది. క్లిప్పు కన్నాలు చిరుగుతాయి. అందుకే ప్యాడ్ కదులుతోంది.

అసలు ఏం చేయాలో ముందు తేల్చుకోండి

చాలామంది పొరపడేది ఇక్కడే. ఉన్నదాన్ని శుభ్రం చేస్తే సరిపోయే చోట కొత్త రెక్సిన్ కొనేస్తారు. బొటనవేలితో ప్యాడ్ అంతా నొక్కి చూడండి. అట్ట గట్టిగా ఉండి రెక్సిన్ మెత్తగా వంగుతుంటే శుభ్రం చేస్తే చాలు. రెక్సిన్ బాగుండి కింద అట్ట మాత్రమే మెత్తబడితే అట్ట మార్చి, పాత రెక్సిన్‌నే జాగ్రత్తగా తీసి మళ్లీ తొడగొచ్చు. రెక్సిన్ ఎండిన ఆకులా పెళపెళలాడుతుంటే మాత్రం కొత్తది తప్పదు. పాత రెక్సిన్‌లోని మెత్తదనం ఒకసారి ఎండకు పోయాక ఏ పాలిష్ వేసినా తిరిగి రాదు.

నా మటుకు నేను పాతదాన్ని నిలబెట్టడానికే మొగ్గుతాను. ఆ రెక్సిన్ మీది గీతలు, గుర్తులు, ఆ రంగు ఇక దొరకవు. అంబాసిడర్ తయారీ ఉత్తరపారాలో 2014లో ఆగిపోయింది. పద్మిని అంతకు పదేళ్లకు పైగా ముందే ఆగింది. ఫ్యాక్టరీ నుంచి కొత్త ప్యాడ్ వచ్చే కాలం పోయింది. కాబట్టి చిరిగిన పాత ప్యాడ్ కూడా చెత్త కాదు, మీ దగ్గరున్న ఏకైక నమూనా. పని మొత్తం అయ్యాక కూడా దాన్ని పారేయకండి.

"మారిస్తే కాగితాల విషయంలో ఇబ్బంది వస్తుందా?" అని అడిగేవాళ్లుంటారు. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇచ్చే నిబంధనలు 2021లో వచ్చాయి. వాటిలో చూసేది ఛాసిస్, బాడీ షెల్, ఇంజన్‌లకు పెద్ద మార్పులు చేశారా లేదా అన్నది. రెక్సిన్ మార్చినందుకు భయపడనక్కర్లేదు. పాత పద్ధతి నిలబెట్టమని నేను చెప్పేది నియమం కోసం కాదు, ఆ బండి మీద గౌరవంతో.

ఇక పనిలోకి దిగుదాం.

1. ఒక్క తలుపే విప్పండి

నాలుగు తలుపులూ ఒకేసారి విప్పొద్దు. ఉత్సాహంలో అందరికీ అలాగే అనిపిస్తుంది. సాయంత్రానికి నేలమీద నాలుగు ప్యాడ్లు, ఎనిమిది హ్యాండిళ్లు, గుప్పెడు క్లిప్పులు. ఏది ఏ తలుపుదో తెలియదు. ఒకటి విప్పితే, ఎదుటివైపు తలుపు మీకు గురువుగా నిలబడుతుంది. ఏ స్క్రూ ఎక్కడుందో, హ్యాండిల్ ఏ కోణంలో ఉందో దాన్ని చూసి తెలుసుకోవచ్చు. వెనక తలుపుతో మొదలుపెట్టండి. దాన్ని తక్కువమంది చూస్తారు, మొదటి పని కాస్త అటూ ఇటూ అయినా బాధ ఉండదు.

విప్పేముందు అద్దం పూర్తిగా పైకెత్తి, హ్యాండిళ్లు ఉన్న తీరును ఫోన్‌తో ఫొటో తీయండి. విప్పిన ప్రతి భాగాన్నీ చిన్న కవర్లలో వేసి, పేరు రాయండి.

2. హ్యాండిళ్ల దగ్గర తొందరొద్దు

డోర్ ప్యాడ్ పనిలో ఎక్కువ నష్టం జరిగేది హ్యాండిల్ ఊడదీసేటప్పుడే. పాత బళ్లలో మూడు రకాల బిగింపులు కనిపిస్తాయి. కొన్నింట్లో హ్యాండిల్ మధ్యలో స్క్రూ ఉంటుంది, అది తేలిక. మరికొన్నింట్లో హ్యాండిల్ వెనకున్న గుండ్రటి బిళ్లను ప్యాడ్ వైపు గట్టిగా నొక్కితే హ్యాండిల్ మెడలో అడ్డంగా దూర్చిన చిన్న పిన్ను కనిపిస్తుంది. సన్నటి మేకుతోనో పంచ్‌తోనో దాన్ని అవతలికి నెట్టాలి. మూడో రకంలో హ్యాండిల్ వెనక గుర్రపు నాడా ఆకారంలో స్ప్రింగు క్లిప్పు దాగి ఉంటుంది. సందులో పాత నూలుగుడ్డ దూర్చి అటూ ఇటూ లాగితే అది ఊడి వస్తుంది.

మీ బండిది ఏ రకమో తెలుసుకోకుండా స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తొద్దు. రెక్సిన్ చిరుగుతుంది, హ్యాండిల్ మెడ విరుగుతుంది. తుప్పు పట్టిన పిన్ను అయితే ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె రెండు చుక్కలు వేసి వదిలేయండి. రెక్సిన్ మీద పడకుండా కింద గుడ్డ అడ్డం పెట్టండి. ఒక మనిషి తోడుంటే మంచిది. ఇంట్లో పిల్లాణ్ని పిలిచి "ఈ బిళ్లను నొక్కి పట్టుకో నాన్నా, నేను పిన్ను తీస్తాను" అనండి. వాడికి అదొక సరదా, మీకు రెండు చేతులు ఖాళీ. బిళ్ల వెనక స్ప్రింగు ఉంటే అది ఏ వైపుకి తిరిగి ఉందో తీయకముందే చూసుకోండి.

3. క్లిప్పు పక్కనే ఎత్తండి

ప్యాడ్‌ని మూల పట్టుకుని లాగొద్దు. క్లిప్పు ఎక్కడుందో వేలితో తడిమి, గుడ్డ చుట్టిన వెడల్పాటి పుట్టీ బ్లేడు సరిగ్గా దాని పక్కన దూర్చి మెల్లగా ఎత్తండి. టప్‌మని శబ్దం వస్తుంది. ఒక్కొక్కటీ అలా వదిలించుకుంటూ, కింది నుంచి మొదలుపెట్టి పక్కలకు, ఆఖరికి పైకి రండి. కొన్ని బళ్లలో ప్యాడ్ పైఅంచు రేకు మడత కింద ఇరుక్కుని ఉంటుంది. క్లిప్పులన్నీ వదిలాక ప్యాడ్‌ని పైకెత్తితే అది బయటికొస్తుంది.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు బళ్లలో క్లిప్పులు ఉప్పుగాలికి తుప్పుపట్టి రేకు కన్నంలోనే విరుగుతాయి. దిగులు పడకండి. క్లిప్పులు చవక. నమూనాకు ఒకటి జేబులో వేసుకుని విజయవాడ ఆటోనగర్‌కో, మీ ఊళ్లో స్పేర్ పార్టుల బజారుకో వెళ్తే సరిపోయేవి దొరుకుతాయి. కన్నం సైజు సరిపోవడం ముఖ్యం, కంపెనీ పేరు కాదు.

4. చెంబెడు నీళ్లతో పరీక్ష

ఈ అధ్యాయంలో ఒక్క అంశమే చదివే ఓపిక మీకుంటే ఇది చదవండి.

ప్యాడ్ తీసిన తలుపును మూసి, అద్దం పైకెత్తి, బయటి నుంచి చెంబెడు నీళ్లు అద్దం మీద మెల్లగా పోయండి. మీ ఇంట్లోవాళ్లను టార్చిలైటుతో లోపల కూర్చోబెట్టండి. నీళ్లు అద్దం వెంట తలుపు పొట్టలోకి దిగుతాయి. ఆ తర్వాత ఎటు పోతున్నాయి? తలుపు కింది కన్నాల్లోంచి బయటికి కారుతుంటే మంచిదే. కారకుండా లోపలే నిలిచినా, రేకు కన్నాల్లోంచి కారు లోపలికి చిమ్మినా మీ ప్యాడ్‌ని పాడుచేసిన దొంగ దొరికినట్టే.

సన్నటి తీగతో కింది కన్నాలు పొడవండి. ఏళ్లనాటి బురద, ఆకులు, కొన్నిసార్లు తప్పిపోయిన స్క్రూలూ వస్తాయి. తలుపు అడుగంతా బ్రష్‌తో ఊడ్చి, పూర్తిగా ఆరనివ్వండి. తుప్పు ఉంటే ఎమరీ పేపరుతో రుద్ది, రెడ్ ఆక్సైడ్ పూయండి. పూసేటప్పుడు మళ్లీ కన్నాలు మూసుకుపోకుండా చూసుకోండి, ఇది చాలామంది మరిచిపోతారు. కిటికీ అడుగున రబ్బరు పట్టీ ఎండి పగిలితే మార్చండి.

ఆ తర్వాత పాలిథీన్ కవరు. తలుపు రేకు సైజుకి మందపాటి షీటు కత్తిరించి, చుట్టూ బ్యూటైల్ టేపుతో అతికించండి. అడుగు అంచు విషయంలో మాత్రం జాగ్రత్త. దాన్ని రేకు బయటివైపు అతికిస్తే నీళ్లు కవరు మీద జారి నేరుగా అట్ట మీదే పడతాయి. అడుగు అంచును రేకులోని పెద్ద కన్నాల్లోంచి తలుపు పొట్టలోకి దూర్చాలి. అప్పుడు కవరు మీద పడ్డ ప్రతి చుక్కా తిరిగి తలుపులోకే పోయి కింది కన్నాల్లోంచి బయటపడుతుంది. పావుగంట పని. ప్యాడ్ ఎన్నేళ్లు నిలుస్తుందో తేల్చేది ఇదే.

5. ముందు శుభ్రం, తర్వాతే నిర్ణయం

గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు వేసి, మెత్తటి టూత్‌బ్రష్‌తో నురగను మాత్రమే రెక్సిన్ మీద రుద్దండి. నీళ్లు గుమ్మరించొద్దు, కుట్టుల్లోంచి అట్టలోకి దిగుతాయి. తడిగుడ్డతో, ఆపైన పొడిగుడ్డతో తుడవండి. వెనక అట్ట మీద బూజు ఉంటే ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆరుబయట పొడి బ్రష్‌తో దులిపి, తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి గుడ్డతో అద్ది, నీడలో ఆరబెట్టండి. చాలా బళ్లలో ఇంతవరకు చేసేసరికే యజమాని ఆశ్చర్యపోతాడు. గోధుమరంగు అనుకున్నది అసలు క్రీమ్ రంగు అని తేలుతుంది!

ఏం వాడకూడదు? థిన్నర్, పెట్రోల్, నెయిల్ పాలిష్ తీసే ద్రవం రెక్సిన్ పైపొరను కరిగిస్తాయి. కొబ్బరినూనె పూస్తే ఆ పూటకు మెరుస్తుంది, వారానికి దుమ్మంతా పట్టి జిడ్డు కడుతుంది. సిలికాన్ పాలిష్ కూడా ఇప్పుడు వద్దు. దాని మీద జిగురూ పట్టదు, రంగూ పట్టదు. చిన్న చిరుగుకు ఫెవిక్విక్ వేస్తే అక్కడ రాయిలా గట్టిపడి, పక్కనే మళ్లీ చిరుగుతుంది. చిరుగు వెనక నుంచి పల్చటి గుడ్డముక్క దూర్చి, మెత్తగా ఆరే రెక్సిన్ జిగురుతో అతికించడమే మేలు.

వెలిసిన రంగుకు వినైల్ కోసం తయారుచేసిన స్ప్రే మాత్రమే వాడండి. పల్చగా, పొర ఆరాక పొర. ఎనామిల్ పెయింటు వేస్తే నెలల్లో పెచ్చులూడుతుంది.

6. అట్టను కాపాడటం, లేదా కొత్తది కోయడం

కొద్దిగా వంకర తిరిగిన అట్ట తిరిగి దారికొస్తుంది. వెనకవైపు తడిగుడ్డతో కాస్త చెమ్మ చేసి, రెండు చదునైన చెక్కల మధ్య పెట్టి, పైన బరువు పెట్టి బాగా ఆరేదాకా వదిలేయండి. అంచున పొరలు విడిపోతే వాటి మధ్యకు తెల్ల ఫెవికాల్ ఎక్కించి, పాలిథీన్ చుట్టిన చెక్కబద్దల మధ్య బిగించండి. చిరిగిన క్లిప్పు కన్నం వెనక పల్చటి ప్లైవుడ్ ముక్క అతికించి, కొత్త కన్నం చేయండి.

పొడిపొడిగా రాలిపోతున్న అట్టను మాత్రం పట్టుకు వేలాడొద్దు. కొత్తది కోయండి. పాతదాని మందం కొలిచి, అదే మందంలో హార్డ్‌బోర్డు గానీ మెరైన్ ప్లై గానీ తీసుకోండి. మందం పెరిగితే క్లిప్పులు లోపలికి దిగవు, హ్యాండిల్ పిన్ను కన్నం కలవదు. "గట్టిగా ఉంటుందని 6 మిల్లీమీటర్ల ప్లై వేయించాను, ఇప్పుడు హ్యాండిల్ ఎక్కట్లేదు" అనేవాళ్లు ఎందరో. మామూలు ఎండీఎఫ్ నీళ్లు తాగుతుంది. బోర్డులు రాసేవాళ్లు వాడే పీవీసీ ఫోమ్ షీటు నీళ్లకు చెడదు గానీ, మే నెల ఎండలో మూసి ఉంచిన కారులో మెత్తబడి వంగుతుంది. రెండూ వద్దు.

పాత అట్ట కింది భాగం రాలిపోతే నమూనా ఎలా? ఎడమ, కుడి తలుపుల ప్యాడ్లు ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలు. ఎదుటి తలుపు ప్యాడ్ తీసి బోర్లించి గీసుకోండి. హ్యాండిల్ కన్నాలు మాత్రం మీ తలుపు మీద పెట్టి సరిచూసుకోండి.

కోసిన అట్టకు రెండు వైపులా, ముఖ్యంగా అంచులకూ కన్నాల లోపలి వైపుకూ వార్నిష్ రెండు పూతలు వేయండి. నీళ్లు ఎక్కేది అంచుల్లోంచే. ఈ ఒక్క విషయంలో మీ ఇంటి పని ఫ్యాక్టరీ పని కన్నా గట్టిగా ఉంటుంది.

7. రెక్సిన్ కొనడానికి నమూనా లేకుండా వెళ్లొద్దు

"క్రీమ్ కలర్ ఇవ్వండి" అంటే దుకాణంలో పది రకాల క్రీమ్ తీసి చూపిస్తారు. ఏది మీది? ప్యాడ్ వెనక్కి మడిచిన రెక్సిన్ అంచును కొద్దిగా విప్పి చూడండి. ఎండ ఎప్పుడూ సోకలేదు కాబట్టి అసలు రంగు అక్కడ అలాగే ఉంటుంది. దానిలోంచి చిన్నముక్క కోసి పట్టుకెళ్లండి. రంగుతోపాటు పైన అచ్చొత్తిన గరుకు కూడా కలవాలి. దుకాణం లైటు కింద కాదు, బయటికి తెచ్చి పగటి వెలుగులో కలిపి చూడండి.

వెనక అల్లిక గుడ్డ ఉన్న పీవీసీ రెక్సిన్ తీసుకోండి, అది సాగుతుంది, మూలల్లో కుదురుతుంది. సోఫాలకు వాడే చవక పీయూ రకాలు చేతికి మెత్తగా, అందంగా తగులుతాయి. మన ఉక్కపోతకు కొన్నేళ్లలో పైపొర పొట్టులా ఊడుతుంది. తాను సాధారణంగా 54 అంగుళాల వెడల్పు ఉంటుంది. ప్యాడ్ కొలతకు అన్ని వైపులా 2 అంగుళాలు కలుపుకుని లెక్కేయండి. నాలుగు తలుపులకూ ఒకేసారి, ఒకే తానులోంచి కొనండి, అరమీటరు ఎక్కువే తీసుకోండి. వచ్చే నెల వెళ్తే అదే నంబరులో కూడా రంగు కాస్త మారొచ్చు.

ప్యాడ్ మీద నిలువు గీతల డిజైన్ ఉందా? అది ఫ్యాక్టరీలో వేడితో నొక్కి చేసిన పని. ఇంట్లో రాదు. రెక్సిన్, పల్చటి ఫోమ్, వెనక గుడ్డ కలిపి, వెనకవైపు సుద్దతో గీతలు గీసి కుషన్ వర్క్స్‌కి ఇవ్వండి. "మేస్త్రీ, డిజైన్ మార్చొద్దు. ఈ గీతల మీదే కుట్టండి. పాలిస్టర్ దారం, కుట్టు కాస్త పెద్దది వేయండి" అని చెప్పండి. మరీ దగ్గర కుట్లయితే రెక్సిన్ ఆ గీత వెంటే చిరుగుతుంది. నూలు దారమైతే తడికి కుళ్లుతుంది. పని పంచుకోవడంలో చిన్నతనమేమీ లేదు.

8. జిగురు, గాలి, ఓపిక

తెల్ల ఫెవికాల్ చెక్కకు. రెక్సిన్‌కి కావలసింది ఫెవికాల్ ఎస్‌ఆర్ లాంటి రబ్బరు జిగురు. డబ్బా మీద వేడిని తట్టుకుంటుందో లేదో చూసి కొనండి. ఎండలో నిలిపిన కారులో తేలికరకం జిగురు మెత్తబడి అంచులు వదిలేస్తుంది.

దీని ఆవిరికి మంట అంటుకుంటుంది, తలా తిరుగుతుంది. కాబట్టి వంటగది పక్కన, దేవుడి గదిలో దీపం వెలుగుతున్న చోట, తలుపులు మూసిన గదిలో ఈ పని వద్దు. డాబా మీదో, వరండాలోనో, గాలి ఆడే చోట చేయండి. వానరోజున అసలు పెట్టుకోకండి. జిగురు మీద చెమ్మ చేరితే పట్టు రాదు.

రెండు వైపులా పల్చగా పూసి, వేలికి అంటనంతవరకు ఆరనివ్వండి. పదీ పదిహేను నిమిషాలు పట్టొచ్చు. అప్పుడే కలపాలి. తడిగా ఉండగానే అతికించి "ఇది ఊడిపోతోందేమిటి" అనుకోవడం కొత్తవాళ్లందరూ చేసే పొరపాటు. కలిపాక జరపడం కుదరదు, అందుకని ముందు జిగురు లేకుండా ఒకసారి పరిచి, గుర్తులు పెట్టుకోండి.

9. మధ్య నుంచి బయటికి, ఎదురెదురుగా

ఫోమ్ 3 నుంచి 5 మిల్లీమీటర్లు చాలు. మెత్తగా ఉంటుందని మందంగా వేస్తే హ్యాండిల్ బిళ్ల కూర్చోదు. ఫోమ్‌ని అట్టకు పల్చగా అతికించి, అంచుకు కాస్త ఇవతలే ఆపండి, మడత కిందికి పోకూడదు. ప్యాడ్ చదునుగా ఉంటే రెక్సిన్‌ని ఫోమ్‌కి అతికించనక్కర్లేదు. అతికిస్తే జిగురు గడ్డలు పైకి కనిపిస్తాయి. వెనక మడతలకు మాత్రమే జిగురు పూయండి.

రెక్సిన్‌ని పావుగంట ఎండలో పెడితే మెత్తబడుతుంది. బోర్లా పరిచి, పైన అట్ట పెట్టి, పై అంచు మధ్యలో మొదట మడవండి. తర్వాత దానికి ఎదురుగా కింది మధ్య. ఆపైన ఎడమ, కుడి. అలా మధ్య నుంచి మూలల వైపు రండి. ముడత పోయేంత లాగండి, అట్ట వంగేంత కాదు. మూలల దగ్గర చిన్న చిన్న వి ఆకారపు గాట్లు పెట్టండి. గాటు అట్ట అంచు దాకా రాకూడదు, కొద్దిగా ముందే ఆగాలి. జిగురు పట్టేదాకా బట్టల క్లిప్పులు పెట్టండి. స్టేప్లర్ వాడాలనుకుంటే పిన్ను పొడవు చూసుకోండి. అట్ట కన్నా పొడవైతే ముందువైపు రెక్సిన్‌లోంచి పొడుచుకొస్తుంది.

హ్యాండిల్ కన్నాలు ఆఖర్న. వెనక నుంచి వేలితో తడిమి, చిన్న ఇంటూ గుర్తులా కోయండి. బిళ్ల కింద దాగేంత చిన్నగా ఉండాలి. పెద్ద కన్నం పడితే సరిదిద్దే మార్గం లేదు.

అల్యూమినియం బీడింగ్ ఉంటే దాని వెనక రేకు కాళ్లను ఒక్కసారే నిఠారు చేసి, ఒక్కసారే మడవండి. మళ్లీ మళ్లీ వంచితే విరుగుతాయి.

10. తిరిగి బిగించేటప్పుడు

ముందు క్లిప్పులన్నీ కన్నాలకు ఎదురుగా ఉన్నాయో లేదో చూసుకుని, అప్పుడు ఒక్కొక్కటీ అరచేత్తో గుద్దండి. దిగకపోతే బలం వాడొద్దు. క్లిప్పు పక్కకు జరిగి ఉంటుంది, సరిచేసి మళ్లీ నొక్కండి. హ్యాండిళ్లు బిగించాక అద్దం పైకీ కిందికీ తిప్పి చూడండి. లోపలి నుంచి తలుపు తెరుచుకుంటోందో లేదో తలుపు మూయకముందే చూసుకోండి. మూసేశాక లాక్ పనిచేయకపోతే, అంత కష్టపడి తొడిగిన ప్యాడ్‌ని మూసిన తలుపు లోపల నుంచే విప్పాల్సి వస్తుంది.

ప్యాడ్ వెనక పెన్సిల్‌తో తేదీ, రెక్సిన్ నంబరు, జిగురు పేరు రాసిపెట్టండి. రెండో తలుపు దగ్గరకొచ్చేసరికి మీకే పనికొస్తుంది.

పని బాగా కుదిరిందని ఉత్సాహం వచ్చి వెంటనే సీలింగ్ గుడ్డ జోలికి వెళ్లకండి. అది కడ్డీల మీద వేలాడదీసి, అంచులు బిగించే పని, చాలా బళ్లలో అద్దాల రబ్బర్లు కూడా కదపాల్సి వస్తుంది. దానికి అనుభవమున్న మనిషి కావాలి. సీట్ల కుట్టు కూడా అంతే. డోర్ ప్యాడ్లు, వెనక పార్సిల్ ట్రే అట్ట, డాష్‌బోర్డు కింది అట్టలు మాత్రం ఇదే పద్ధతిలో మీ చేత్తో మీరే చేసుకోగలరు.

మొదటి తలుపు పూర్తయ్యాక మిగతా మూడింటికి తొందరపడొద్దు. ఒక గట్టి వాన పడనివ్వండి. మర్నాడు పొద్దున్నే తలుపు తీసి, ప్యాడ్ కింది అంచును వేళ్లతో తడమండి, దాని కింది కార్పెట్‌ను ఎత్తి చూడండి. చెమ్మ తగిలితే పాలిథీన్ కవరు అడుగు అంచు మళ్లీ సరిచేయండి. పొడిగా ఉంటే రెండో తలుపు విప్పండి.